వంటింటి టేకు అలమరలకు కొత్త రంగు

కొయ్యకు రంగు వేయడం తేలికైన పని అని మేము కూడా ఒకప్పుడు తలచినవారమే. షేక్‌పేటలో మేము ముగ్గురు విద్యార్థులము కలిసి ఉంటున్న అద్దె ఇంటి వంటగదిలో, పొయ్యి ప్రక్కనే ఒక పాత కొయ్య అలమర ఉన్నది. దాని గోధుమరంగు పొగకు నల్లబడి, చూచినప్పుడల్లా వెలితిగా తోచేది. ఒక ఆదివారము బజారు నుండి అర లీటరు తెల్ల ఎనామిల్ డబ్బా, ఒక కుంచె తెచ్చి, భోజనవేళకు పని ముగించి, మా చేతిపనికి మేమే మురిసిపోయినాము. రెండు నెలలు తిరగకముందే పిడి చుట్టూ రంగు ఉబ్బినది. గోటితో మీటితే అరటిపండు తొక్క వలె ఊడి వచ్చినది. ఊడిన పొర వెనుక వైపు వ్రేలితో తాకి చూస్తే జిడ్డు. మేము రంగు వేసినది కొయ్యకు కాదు, ఏండ్ల తరబడి దానిపై పేరుకొన్న పోపు నూనెకు.

మాలో ఒకరికి చాచా వరుస అయ్యే పాలిష్ మేస్త్రీ ఒకరున్నారు. నలుబది ఏండ్లుగా జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ ఇండ్లలో తలుపులకు, అలమరలకు పాలిష్ పట్టడమే ఆయన వృత్తి. మా అలమరను చూచి ఆయన నవ్వలేదు. "బేటా, నూనె మీద రంగు వేసినారు. నిలబడితే అల్లా దయ, నిలబడకపోతే న్యాయం" అని మాత్రం అన్నారు. గడచిన వేసవి సెలవులలో ఫిల్మ్‌నగర్‌లోని ఒక ఇంట వంటగది అలమరలన్నింటికీ రంగు మార్చే పని ఆయనకు వచ్చినప్పుడు, సహాయకులుగా మమ్మల్ని వెంట తీసుకొని వెళ్ళినారు. ఆ పదకొండు రోజులలో మేము చూచినది, చేసినది, తరువాత చదివి తెలుసుకొన్నది కలిపి విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాము.

ఆ ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు. 1970వ దశకము వరకు తెలుగు చిత్రాల నిర్మాణం చాలా భాగం మద్రాసులోనే జరిగేది. 1976లో అన్నపూర్ణ స్టూడియో ఆరంభమైన తరువాత, దాని వెనుక పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ కొండలపై వెలసిన తరువాత, నటులతో పాటు వడ్రంగులు, చిత్రకారులు, దీపాల పనివారు కూడా క్రమంగా ఇటు తరలినారు. ఆ విధంగా వచ్చినవారిలో ఆ ఇంటి పెద్దాయన ఒకరు. సెట్లకు రంగులు వేయడంలో ఆయన నేర్పరి. ఆయన ఇప్పుడు లేరు. భార్య, మేమందరమూ మామ్మగారు అని పిలిచినవారు, కొడుకు కోడలితో ఆ ఇంటనే ఉంటున్నారు. ఇల్లు కట్టినప్పుడు పెద్దాయన బల్లార్షా టేకు తెప్పించి వంటగదికి పదునాలుగు తలుపులు, అయిదు సొరుగులు చేయించినారట.

రంగు మార్చాలన్న కోరిక కోడలిది. అమెరికాలో డాలస్ నగరాన ఉన్న ఆడపడుచు తన వంటగదిలోని ఓక్ కొయ్య అలమరలకు తెల్లరంగు వేయించి ఛాయాచిత్రాలు పంపినది. 1980, 1990 దశకాలలో అమెరికాలో కట్టిన ఇండ్లలో తేనెరంగు ఓక్ అలమరలు విరివిగా కనిపిస్తాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు అటువంటి ఇండ్లు కొన్నప్పుడు, ఆ తేనెరంగు పాతబడిన ఫ్యాషన్ అని తోచి, దానిపై తెలుపో బూడిదరంగో వేయించడం పరిపాటి అయినది. అది చూచి కోడలికి కూడా తన చీకటి వంటగది వెలుగుగా ఉండాలనిపించినది. రోజుకు ఆరుగంటలు ఆ గదిలో నిలబడే మనిషి కోరిక అది. కాదనడానికి మాకు కారణము తోచలేదు.

కాదన్నవారు మామ్మగారు. మేము పనిముట్లు దించుతున్నప్పుడే గుమ్మంలో నిలబడి ఇట్లా అన్నారు: "ఆయన జన్మంతా ప్లైవుడ్డుని టేకులా కనిపించేట్టు రంగులేశారు నాయనా. ఇంట్లోనైనా నిజం టేకు ఉండాలని ఇవి చేయించారు. ఇప్పుడు మీరొచ్చి నిజం టేకుని ప్లైవుడ్డులా కనిపించేట్టు రంగేస్తామంటున్నారు." దీనికి మా దగ్గర జవాబు లేదు. చాచా మాత్రం సంచి విప్పుతూ, "అమ్మా, వేసిన రంగు మళ్ళీ తీసేందుకు తోవ పెట్టి వేస్తాను" అన్నారు. ఆ తోవ ఏమిటో తెలిసేసరికి మాకు మూడు రోజులు పట్టినది. ఈ వ్యాసమునకు ముఖ్యవిషయము కూడా అదే.

కొయ్యను రంగుతో కప్పితే దానిని వెనుకకు తీయడం ఎందుకు కష్టమో ముందు తెలుసుకోవలెను. టేకు, ఓక్ రెండింటికీ ఒక సామ్యము ఉన్నది. ఆకురాల్చి మరల చిగిర్చే ఋతువు మొదట్లో ఈ చెట్లు నీటిని మోసే వెడల్పాటి నాళాలను వలయాకారంగా పెంచుతాయి, తరువాతి భాగంలో సన్నని నాళాలను పెంచుతాయి. పలక కోసినప్పుడు ఆ వెడల్పు నాళాలు తెగి, కంటికి కనిపించే సన్నని గాళ్ళుగా, గీతలుగా ఏర్పడతాయి. మనము మెచ్చుకొనే టేకు రేఖల అందము అధికభాగం వీటి వలననే. రంగు పూసినప్పుడు అది ఈ గాళ్ళలోకి దిగి గట్టిపడుతుంది. తరువాత ఎంత గీకినా పైపొర పోతుందే గాని, గాళ్ళలో దిగిన తెలుపు పోదు. ముదురు కొయ్యలో తెల్లని నలకల వలె శాశ్వతంగా నిలిచిపోతుంది. మామ్మగారి భయము కేవలం మమకారము కాదన్నమాట.

రెండు కొయ్యలకూ భేదము కూడా ఉన్నది. ఓక్‌లో టానిన్ అనే తొగరు పదార్థం హెచ్చు. నీటితో పలుచన చేసే తెల్లరంగు నేరుగా పూస్తే అది కరిగి పైకి వచ్చి పసుపు గోధుమ మరకలు కట్టిస్తుంది. ఇనుప మేకు, తడి కలిస్తే ఓక్ నల్లబడుతుంది. మన కరక్కాయ సిరా నల్లబడే రసాయనక్రియయే అక్కడ కూడా జరుగుతుంది. టేకులో సహజమైన నూనె ఉన్నది. చెదలను దూరంగా ఉంచే గుణము టేకుకు దాని అంతర్గత పదార్థాల వలననే కలిగినది గాని, అవే పదార్థాలు కొన్ని రంగులను త్వరగా ఆరనీయవు, సరిగా అంటనీయవు. కావున కొయ్య ఏదైనప్పటికీ, కొయ్యకూ రంగుకూ నడుమ ఒక అడ్డుపొర కావలెను.

మొదటి రోజు చాచా కుంచె ముట్టలేదు. గ్యాస్ సిలిండరు తీయించి పెరటిలో పెట్టించినారు. ఈ పనిలో వాడే స్పిరిట్, టర్పెంటైన్, థిన్నర్ అన్నీ మండేవే. తరువాత తలుపులు ఒక్కొక్కటి విప్పడం మొదలైనది. బందును ఆయన కబ్జా అంటారు. జూబిలీ హిల్స్‌లో ఉంటూ కబ్జా అనగానే భూమి తప్ప మరొకటి తోచని మాకు, తలుపును గోడతో పట్టి ఉంచే ఆ చిన్న ఇత్తడి ముక్కకు కూడా అదే పేరని తెలిసి నవ్వు వచ్చినది. పట్టు అన్నది ఆ మాటకు అసలు అర్థమట. స్క్రూ ఆయనకు పేచ్, సొరుగు దరాజ్, చిత్రిక రందా. మేము ఉప్పుకాగితం అనేది ఆయనకు రేగ్‌మాల్. పారసీలో రేగ్ అనగా ఇసుక. ఇసుకతో రుద్దేది అని ఆ మాట తన పనిని తానే చెప్పుకొంటున్నది. తలుపు విప్పగానే బందు కూర్చుండే గాడిలో పెన్సిలుతో అంకె వేయవలెను. ఆ గాడిలో రంగు పడదు కనుక అంకె చెరగదు. చాచా ఉర్దూ అంకెలు వేసినారు. మేము ప్రక్కన తెలుగు అంకెలు వేసినాము. పదునాలుగు తలుపులూ చూడడానికి ఒకటే కొలత. కాని ఒకదాని చోట మరొకటి పెడితే బందు రంధ్రాలు కలియవు. మేము ఈ పని అనవసరమని తలచి రెండు తలుపులకు అంకె వేయక వదిలినాము. చివరి రోజు ఆ రెండింటికి గంటన్నర పట్టినది.

పిమ్మట పాత పూత ఏమిటో పరీక్షించవలెను. తలుపు వెనుక కంటపడని చోట స్పిరిట్ చుక్క వేసి కొంచెంసేపు ఆగి వ్రేలితో తాకి చూడవలెను. మెత్తబడి అంటుకొంటే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు చలించక థిన్నర్‌కు మెత్తబడితే అది నైట్రోసెల్యులోజ్ లాకర్. రెండింటికీ చలించకపోతే మెలమైన్ గాని, పాలీయురథేన్ గాని అయి ఉంటుంది. మూడే చుక్కలతో తేలిపోయే ఈ పరీక్ష రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మేము చేసిన లవణ పరీక్షల కంటె మాకు ఎక్కువ నచ్చినది. మామ్మగారి అలమరలు స్పిరిట్‌కు మెత్తబడినవి. చాచా ముఖము వికసించినది. "లాఖ్! ఇది చేతితో పట్టిన పాలిష్" అన్నారు.

పాత పూత ఏమిటో తెలియకుండ కడగకూడదు. జిడ్డుకు చాకలిసోడా నీరు మంచి మందు. క్షారము నూనెతో కలిసి సబ్బుగా మారుతుంది, ఆ సబ్బు నీటితో పోతుంది. మెలమైన్ వంటి గట్టి పూతలపై ఇది నిర్భయంగా వాడవచ్చును. కాని లక్క క్షారములో కరుగుతుంది. ఓక్ కొయ్య నేరుగా క్షారము తగిలితే నల్లబడుతుంది. కావున ఇక్కడ చాచా టర్పెంటైన్‌లో తడిపిన గుడ్డతో జిడ్డు తీసినారు. అది నూనెను కరగిస్తుంది గాని లక్కను ముట్టదు. గుడ్డ నల్లగా వచ్చినంతసేపు మార్చి మార్చి తుడిచి, తరువాత గోరువెచ్చని నీటిలో కొద్ది సబ్బు కలిపి, పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డ వేసినాము. పొయ్యి మీది తలుపులకు, పిడుల చుట్టూ ఉన్న జిడ్డు తక్కిన అన్నింటికీ కలిపి పట్టినంత సమయం తీసుకొన్నది. పోపు వేసినప్పుడు ఎగసిన నూనె ఆవిరి ఏండ్ల తరబడి గాలితో కలిసి గట్టిపడి, దాదాపు వార్నిష్ అయిపోతుంది. ఇది రెండు రోజుల పని. మా అలమర విషయంలో మేము చేయనిది కూడా ఇదే.

ఉప్పుకాగితం పని గురించి పుస్తకాలు చాలా చెబుతాయి. మేము క్లుప్తంగా చెబుతాము. పాత పూత గట్టిగా ఉంటే దానిని పూర్తిగా తీయనవసరం లేదు, మెరుపు పోయి పాలిపోయేవరకు 220 నంబరు కాగితంతో రేఖల వెంబడి రుద్దితే చాలు. రేఖలకు అడ్డముగా రుద్దిన గీత రంగు వేసిన తరువాత కూడా కనిపిస్తుంది. పూత లేచిపోయిన చోట్ల 150తో మొదలుపెట్టి 220కి రావలెను. పలుచని వినీర్ అంటించిన ప్లైవుడ్ తలుపులైతే చేతి వత్తిడి తగ్గించవలెను. కాగితం మందమున్న ఆ టేకు పొర అరిగి అడుగు కొయ్య బయటపడితే ఆ తలుపుకు ఇక రంగే దిక్కు.

ఇక్కడ మాకూ చాచాకూ చిన్న వాదము జరిగినది. ఆయన ముక్కుకు గుడ్డ కట్టుకోరు. కొయ్యపొడి క్యాన్సరు కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చి చెప్పినది, ముఖ్యంగా ముక్కు లోపలి భాగాలకు దాని వలన ప్రమాదమున్నది అని మేము చెప్పినాము. ఆయన ఓపికగా విని, "గుడ్డ కడితే వాసన తెలియదు బేటా. వాసన తెలియకపోతే లాఖ్ ఆరిందో లేదో నాకెట్లా తెలుస్తుంది?" అన్నారు. నలుబది ఏండ్ల అనుభవము గల మనిషి ముక్కును పనిముట్టుగా వాడుతున్నాడు. ఆ పనిముట్టునే పొడి తినివేస్తున్నది. ఆయనకు ఉదయం పూట వచ్చే దగ్గును గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరని మాలో ఒకరికి తెలుసు. చివరకు రుద్దేటప్పుడు మాస్కు కట్టుట, పూసేటప్పుడు తీసి కిటికీలన్నీ తెరచి ఉంచుట అని ఒప్పందము కుదిరినది. ఇది సగము గెలుపే. పూత ఆవిరులు కూడా మంచివి కావు.

సామాను గదిలో ఒక పాత ఆకుపచ్చ బల్ల ఉన్నది. దానిని కూడా రుద్దమని కోడలు అడిగినది. దాని ఎనామిల్ ఇల్లు కట్టిన నాటిది. పూర్వపు ఎనామిల్ రంగులలో సీసము వాడుక ఉండేది. మన దేశమున ఇంటి రంగులలో సీసము పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న నియమాలు 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలుకు వచ్చినవి. అంతకు ముందటి రంగును పొడిగా రుద్దితే ఆ ధూళి పసిపిల్లల చేతుల ద్వారా నోటిలోకి చేరవచ్చును. చాచాకు ఇది కొత్త సంగతి. మేము నీటిలో తడిపి రుద్దే కాగితము తెచ్చి, తడిగా రుద్ది, వచ్చిన బురదను కాగితాలలో పొట్లము కట్టి పారవేసినాము. ఆ సాయంకాలము ఆయన టీ త్రాగుతూ, ఎన్ని ఇండ్లలో ఎన్ని పచ్చబల్లలు తాను పొడిగా రుద్దినదీ లెక్క వేసుకొంటున్నట్లు చాలాసేపు మౌనంగా ఉన్నారు.

నాలుగవ రోజున చాచా లక్క నానబెట్టినారు. లక్క అనేది మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై చిన్న పురుగు స్రవించే జిగురు పదార్థం. జార్ఖండ్ ప్రాంతము దీనికి పుట్టినిల్లు వంటిది. దీనిని గురించి శాస్త్రీయంగా పరిశోధించేందుకు 1924లోనే రాంచీ సమీపంలో ఒక సంస్థ ఏర్పడినది. మన ఏటికొప్పాక బొమ్మల నునుపు కూడా లక్కదే. చాచా లాఖ్ అన్నా మేము లక్క అన్నా సంస్కృత లాక్షయే. కరగించి పలుచని రేకులుగా చేసిన దానిని చపడా అంటారు. స్పిరిట్‌లో నానబెడితే ఒక రాత్రిలో కరుగుతుంది. అడ్డుపొరకు లీటరు స్పిరిట్‌కు సుమారు 240 గ్రాముల లక్క చాలును. గాజు సీసాలో గాని ప్లాస్టిక్ పాత్రలో గాని నానబెట్టవలెను, ఇనుప డబ్బాలో రంగు మారిపోతుంది. లక్కలో సహజంగా కొంత మైనము ఉంటుంది. దానిపై వేసే రంగు పట్టుకు ఈ మైనము శత్రువు. కావున రెండు మూడు రోజులు కదలక ఉంచి, మైనము అడుగుకు చేరిన తరువాత పైన తేరుకొన్న ద్రవమును మాత్రమే వంచుకోవలెను. మైనము లేని లక్క రేకులు కూడా దొరుకుతాయి, వెల హెచ్చు.

చాచా చెప్పిన తోవ ఇదే. పాత లక్క పూత మీద, అరిగి కొయ్య బయటపడిన చోట్ల మరింత శ్రద్ధగా, ఈ తేరిన లక్కను పలుచగా రెండు మార్లు పూసినారు. అది ప్రతి గాడి లోపలి గోడకూ పట్టి ఆరిపోతుంది. ఇక పైన ఏ రంగు వేసినా అది లక్క మీద కూర్చుంటుందే గాని కొయ్యలోకి దిగదు. రేపు ఎవరికైనా టేకు తిరిగి కావాలనిపిస్తే, పైరంగును అక్కడక్కడ గీచి స్పిరిట్‌తో తడిపిన గుడ్డ కప్పి ఉంచితే అడుగున లక్క మెత్తబడి, రంగు పట్టు వదలుతుంది. గాళ్ళలోది కూడా చాలావరకు వెలుపలికి వస్తుంది. అదే లక్క ఓక్‌లోని టానిన్ మరకలను, టేకులోని గోధుమరంగు ఊటను కూడా ఆపుతుంది. పనికిరాని ఒక టేకు ముక్క మీద సగము లక్క పూసి, సగము పూయక, మొత్తం రంగు వేసి, రెండు రోజుల తరువాత తీసి మామ్మగారికి చూపించినారు. లక్క లేని సగములో తెల్లని నలకలు నిలిచినవి. లక్క ఉన్న సగములో టేకు తిరిగి వచ్చినది. ఆమె ఆ ముక్కను చేతిలోకి తీసుకొని, రెండు వైపులా త్రిప్పి చూచి, "సరే, కానీండి" అన్నారు. ఆ ముక్క ఇప్పటికీ పూజగది గూటిలో ఉన్నదని విన్నాము.

వానకాలములో ఈ పని పెట్టుకోరాదు. గాలిలో తేమ హెచ్చితే ఆరుతున్న లక్క పాలవలె తెల్లబడుతుంది. ఎండ తీవ్రమైన మధ్యాహ్నము కూడా కూడదు. కుంచె ఒక కొస నుండి మరొక కొసకు చేరేలోపలే స్పిరిట్ ఎగిరిపోయి చారలు పడతాయి. మేము తెల్లవారుజామున ఆరు నుండి తొమ్మిది వరకు పూసినాము. ఫిల్మ్‌నగర్ కొండలలో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట బండ కొట్టి ఇల్లు కడుతూనే ఉంటారు. ఆ ధూళి లేవకముందే పూత ఆరవలెనన్నది మరొక కారణము.

రంగు ఎంపికలో మళ్ళీ చిక్కు వచ్చినది. కోడలు డాలస్ తెలుపు కోరినది. చాచా ఆమెకు నాలుగు చిన్న పలకల మీద నాలుగు రంగులు వేసి, ఉదయం తూర్పు కిటికీ వెలుగులో, రాత్రి ట్యూబులైటు క్రింద చూడమన్నారు. ఉదయం ముచ్చటగా ఉన్న తెలుపు రాత్రి నీలి ఛాయతో ఆస్పత్రి గదిలా తోచినదట. అప్పుడు మామ్మగారు తన భర్త మాట ఒకటి చెప్పినారు. సెట్లలో గోడకు ఆయన ఎన్నడూ అచ్చమైన తెలుపు వేసేవారు కాదట. దీపాల వెలుగులో అది కెమెరా కంటికి మిరుమిట్లు గొలిపి నటుని ముఖమును మింగివేస్తుంది. అందుచేత తెలుపులో కొంచెము పసుపో బూడిదో కలిపి విరిచేవారు. తెరపై అదే తెలుపుగా కనిపించేది. చివరకు లేత గంధపు రంగు కుదిరినది. దానికి మరొక లాభమున్నది. తెలుపు మీద పసుపు మరక దాగదు. పసుపు మరకకు ఎండ విరుగుడు, రెండు మూడు రోజులు ఎండ పడితే వెలిసిపోతుంది గాని, వంటింటి తలుపుకు ఎండ ఎక్కడిది?

సెట్టు పనికీ ఇంటి పనికీ గల భేదము ఈ సందర్భంలో బోధపడినది. సెట్టులో ప్లైవుడ్‌పై లేత కావిరంగు వేసి, అది ఆరిన పిమ్మట ముదురు రంగును పలుచగా పూసి, తడి ఆరకముందే పొడి కుంచెతోనో దువ్వెనతోనో లాగితే టేకు రేఖలు పుట్టుకొస్తాయి. పది అడుగుల దూరము నుండి కెమెరా నమ్ముతుంది. షూటింగు ముగిసిన మరునాడు దానిని విప్పివేస్తారు. వంటింటి తలుపును తడిచేతితో రోజుకు ఇరువది మార్లు పట్టుకొంటారు. నిర్మల్ కళాకారుల పని ఈ రెంటికీ నడుమ ఉంటుందనుకొంటాము. వారు తేలికైన పొణికి కొయ్యకు రంపపుపొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్దతో అతుకులు పూడ్చి, తెల్లమట్టి పూత వేసి, ఆ తరువాతనే రంగుకు వస్తారు. బొమ్మైనా తలుపైనా రంగు క్రిందిదే ఎక్కువ పని.

అడుగు పూతను చాచా అస్తర్ అన్నారు. చొక్కా లోపలి గుడ్డకు కూడా ఉర్దూలో అదే మాట. ఇక్కడ చాలామంది లప్పముతో గాళ్ళన్నీ పూడ్చి అద్దము వలె నునుపు చేస్తారు. ఓక్ తలుపులకు రంగు వేసేవారు కూడా ఈ నిర్ణయము ముందే చేసుకోవలెను. పూడ్చకపోతే గాళ్ళు రంగులో సన్నని గీతలుగా కనిపిస్తాయి. మామ్మగారు ఆ గీతలు కనిపించాలన్నారు. కావున దెబ్బలు తగిలిన చోట్ల మాత్రమే లప్పము పెట్టి, రెండు మార్లు అస్తర్ వేసి, నడుమ 320 కాగితంతో మెల్లగా రుద్ది, ధూళి తుడిచి, నీటితో పలుచన చేసే ఎనామిల్ మూడు పలుచని పూతలు వేసినాము. నూనె ఎనామిల్ గట్టిదే గాని, దానిలోని లేత రంగులు కాలక్రమాన పసుపెక్కుతాయి. వెలుగు సోకని అలమర లోపలి భాగాలలో మరింత త్వరగా పసుపెక్కుతాయి. రెండు దట్టమైన పూతల కంటె మూడు పలుచనివి మేలు. తొందరపడి దట్టంగా పూసిన ఒక సొరుగు ముఖముపై రంగు కన్నీటి చారలా జారి గడ్డకట్టినది. దానిని రుద్ది మరల వేయవలసి వచ్చినది. ఆ సొరుగు పూసినది మేమేనని వేరే చెప్పనవసరము లేదు.

పదకొండు రోజులలో రంగు వేసినది మూడు రోజులు. చాచా కూలి అడిగినప్పుడు ఇంటి యజమాని, "మూడు రోజులే కదా పెయింటింగు" అని సందేహించినారు. కోడలే అడ్డము వచ్చి, మొదటి ఏడు రోజులూ నల్లబడిన గుడ్డలు తానే లెక్కపెట్టినట్లు చెప్పి, అడిగినంత ఇప్పించినది. ఈ వృత్తిలో కనిపించని పనికి కూలి రాబట్టుకోవడం కనిపించే పని చేయడము కంటె కష్టమని చాచా దారిలో అన్నారు.

ఆరిన రంగు వేరు, గట్టిపడిన రంగు వేరు. తాకితే అంటని స్థితి కొన్ని గంటలలో వస్తుంది. లోపలి వరకు గట్టిపడడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతవరకు తలుపులను గట్టిగా మూయరాదు, తడిగుడ్డతో రుద్దరాదు. అలమర అంచులకు చిన్న రబ్బరు బొడిపెలు అంటించి తలుపు అతుక్కుపోకుండ చూచినాము. అవిసెనూనె వాడిన గుడ్డలు ఎక్కడైనా ఉంటే ముద్దగా చుట్టి మూల పడవేయరాదు. వాటంతటవే వేడెక్కి అంటుకొంటాయి. విప్పి ఆరవేసిన తరువాతనే పారవేయవలెను.

తలుపులు తిరిగి బిగించే రోజున చాచా పొయ్యికి దూరంగా ఉన్న చివరి సొరుగును బోర్లించి, రంగు వేయని అడుగు పలక మీద పెన్సిలుతో ఉర్దూలో రెండు పంక్తులు వ్రాసినారు. క్రింద తెలుగులో వ్రాయమని మాకు పెన్సిలు ఇచ్చినారు. ఈ రంగు క్రింద లక్క ఉన్నది, థిన్నరు వద్దు, స్పిరిట్ వాడవలెను అని వ్రాసి, తేదీ వేసినాము. మామ్మగారు కళ్ళజోడు తెచ్చుకొని రెండు లిపులనూ చూచి, తెలుగు పంక్తిని పైకి చదివి, సొరుగును తానే లోపలికి నెట్టినారు. మరునాటి ఆదివారము మేము షేక్‌పేటలో మా అలమర తలుపు విప్పి, టర్పెంటైన్ గుడ్డతో మొదలుపెట్టినాము.